అడిగినోళ్లకు అడిగినంత

అనసూర్య ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఆమె కింది పెదవి చీలి ఉంది. కొంగుతో అద్దుకుంటూనే వచ్చింది. రవిక భుజం దగ్గర చిరిగితే పిన్నీసు పెట్టుకుంది. ఆ పిన్నీసు పక్కన గోళ్లు గీరుకుపోయిన గీతలు నాలుగు ఎర్రగా కనిపిస్తున్నాయి.

కరీంనగర్ మంకమ్మతోటలో, టైర్ల దుకాణం పైన ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. పనిచేసేది పదకొండు మంది. బుధవారం పొద్దున అందరూ అప్పుడే కంప్యూటర్లు తెరుస్తున్నారు. చీలిన పెదవితో ఒక నర్సమ్మ తలుపులో నిలబడితే అందరి చేతులూ ఆగిపోయాయి.

"నవీన మేడమంటే ఎవలు?"

నవీన లేచింది. అనసూర్య గొంతు ఆమెకు తెలుసు, మనిషిని చూడటం ఇదే మొదటిసారి. తల్లిదండ్రులు కూడా ఫోన్‌లో చూసుకునే పిల్లల టీకాల యాప్ తయారుచేసింది నవీన. ఊరూరా తిరిగి అందులో పిల్లల వివరాలు ఎక్కించే నర్సమ్మల్లో అనసూర్య ఒకతె.

"నేనే అక్కా. ముందు కూసోండి. ఏమైంది?"

"కూసునేటందుకు రాలే మేడం. మీ కంప్యూటర్‌ల ఒకటి చూసి చెప్పాలె. కోతిరాంపూర్ల వినోద అని ఒక పిల్లతల్లి ఉన్నది. ఆమె ఉండే ఇల్లు నేను ఎవలికన్న చెప్పిన్నా, చెప్పలేదా, గది మీ దాంట్ల తెలుస్తదా?"

తర్వాత నిలబడే చెప్పింది. వినోద మొగుడు పరశురాములు భైంసాలో జిన్నింగ్ మిల్లు హమాలీ. రోజూ తాగి కొడుతుంటే ఏడు నెలల కింద వినోద చంటిదాన్ని ఎత్తుకుని పారిపోయి వచ్చింది. కోతిరాంపూర్లో ఒక గది తీసుకుని బట్టలు కుట్టుకుంటోంది. నిన్న పొద్దున ఆమె నల్లా దగ్గర పాల సీసా కడుగుతుంటే పరశురాములు వచ్చాడు. పత్తి బేళ్లు లాగే ఇనుప కొక్కెం సంచిలో తెచ్చుకున్నాడు. మొదటి దెబ్బ భుజంలో దిగింది. రెండో దానికి ఆమె కుడిచెయ్యి అడ్డం పెడితే అరచేతిలోంచి అవతలికి వచ్చింది. ఇంటివాళ్లు కేకలు పెడితే కొక్కెం లాక్కుని గోడ దూకి పోయాడు. ఇంకా దొరకలేదు.

"ఆమె ఇల్లు ఎరుకున్నోళ్లు ముగ్గురే. వాళ్లవ్వ చంద్రవ్వ, ఇంటామె, నేను. నిన్న దవాఖానకు చూడపోతే చంద్రవ్వ నా జుట్టు వట్టి కిందికి గుంజింది. నువ్వే చెప్పినవే లంజె అని తన్నింది. పక్కనున్నోళ్లు గూడ తలా ఒకటి ఏసిండ్రు. పొద్దటి నుంచి డ్యూటీకి రావద్దన్నరు. పోలీసులు స్టేషన్‌కు రమ్మన్నరు." అనసూర్య ఒక్కసారి ఊపిరి తీసుకుంది. "నేను చెప్పలే మేడం. నా పిల్లల మీద ఒట్టు."

నవీన సిస్టమ్ ముందు కూర్చుంది. ఎవరు ఎప్పుడు ఏం అడిగారో వరుసగా రాసిపెట్టే ఫైలు ఒకటి ఉంటుంది. వినోద పాప నంబరు కొట్టి వెతికింది. ఆదివారం సాయంత్రం ఐదూ పదికి ఒక ఫోన్ నుంచి ప్రశ్న వచ్చింది. నా కుటుంబం, అందులో పిల్లలు, తర్వాతి టీకా, తారీఖు, చిరునామా. దాని కింద జవాబు. పాప పేరు, శనివారం, కోతిరాంపూర్, నీళ్ల ట్యాంకు వెనక సందు, మూడో ఇల్లు.

ఆ ఫోన్ పరశురాములుది. అతను ఏ తాళమూ పగలగొట్టలేదు, ఎవరినీ బతిమాలలేదు. పిల్ల పుట్టినప్పుడు భైంసాలో నమోదైన తన నంబరుతో యాప్ తెరిచాడు. అడిగాడు. నవీన రాసిన ప్రోగ్రాం మర్యాదగా చెప్పేసింది.

నవీన కుర్చీ తిప్పింది. వెనక్కి చూస్తే అనసూర్య ఆశగా ఆమె మొహంలోకే చూస్తోంది.

"కనవడ్డదా మేడం?"

నోటిదాకా వచ్చిన మాటను నవీన మింగేసింది. "చూస్తున్న అక్కా. జర టైం వడ్తది. మీకు ఫోన్ చేస్త."

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నా తక్కువే. చీలిన పెదవితో వచ్చిన మనిషిని అదే పెదవితో మెట్లు దింపి పంపింది.

*

హరీష్ ఆమెకన్నా రెండేళ్లు పెద్ద. ఫోన్‌లో కనబడే తెరలన్నీ అతనే గీస్తాడు. తండ్రుల తెర మీదికి చిరునామా ఎట్లా వచ్చిందని నవీన అడిగితే, ఎందుకడుగుతుందో తెలియక నవ్వుతూనే చెప్పాడు.

"నేనే పెట్టిన. మొన్న మా పాపకు సూది తప్పింది తెలుసా. నర్సమ్మ పాత ఇంటికి పోయి తిరిగిపోయింది. చిరునామా కనవడ్తే తప్పున్నోళ్లు దిద్దుకుంటరు గదా అనుకున్న. ఒక్క లైనే గదా నవీనా. ఏది గావాలంటే అది అడుక్కోమని నువ్వే అంటివి."

నిజమే. ఆ మాట ఆమెదే.

ఏడాది కింద ఇదే గదిలో ఆమెకూ, యజమాని సదానందానికీ ఫోన్లు అడిగే వివరాలు ఎట్లా ఇవ్వాలనే దానిమీద మూడు రోజులు వాదన జరిగింది. సదానందానిది పాత పద్ధతి, రెస్ట్. బస్టాండులో లాగా ఒక్కో పనికి ఒక్కో కిటికీ ఉండాలంటాడు. బస్సు టైం చెప్పే కిటికీ టైమే చెప్తుంది, డ్రైవర్ ఇల్లెక్కడో చెప్పదు. నవీనది గ్రాఫ్‌క్యూఎల్. కిటికీలు ఉండవు, ఒకటే తలుపు. తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి టీకాకు, టీకా నుంచి ఇంటికి తీగ పట్టుకుని పోయినట్టు పోవచ్చు. కావలసినవన్నీ ఒకే ప్రశ్నలో రాసి పంపితే అన్నీ ఒకేసారి మూటగట్టి ఇస్తుంది. అప్పుడు సదానందాన్ని ఓడించింది ఉట్నూర్. అక్కడి గూడేల్లో నర్సమ్మలు జీపు పైకెక్కి సిగ్నల్ వెతుక్కుంటారు. నాలుగు కిటికీల దగ్గర నాలుగు సార్లు అడిగే లోపల రెండోదానికే సిగ్నల్ పోతుంది. నవీన పద్ధతిలో ఒక్క ప్రశ్నకే పని అయిపోయింది. జీపు మీదున్న నర్సమ్మ కిందికి చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక సదానందం సరేనన్నాడు.

ఒకటే తలుపు పెట్టినవాళ్లు లోపల గది గదికీ తాళం వేసుకోవాలి. ఎవరు ఏ గది దాకా రావచ్చో రాసిపెట్టాలి. నవీన అది తర్వాత చేద్దామనుకుంది. తండ్రి తన బిడ్డ గురించి అడిగితే కాదనేదేముందని కూడా అనుకుంది.

ఇంకొకటి ఉంది. నాలుగు నెలల కింద అనసూర్య ఫోన్ చేసి, ఒకామె మొగుణ్ని విడిచిపెట్టి వచ్చిందనీ, ఇంటి యజమాని గడి ఖాళీ పెడితే ముందుకు పోవట్లేదనీ అడిగింది. ఆ గడి పక్కన తప్పనిసరి అనే ఎర్ర చుక్క పెట్టింది నవీనే. ప్రతి ఇంటికీ ఒక యజమాని ఉంటాడనీ, ఆ యజమాని మగవాడేననీ ఆ గదిలో పదకొండు మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. "మొగని పేరే వెయ్యండక్కా, లేకుంటే తీసుకోదు" అని చెప్పి ఫోన్ పెట్టేసి, చల్లారకముందే చాయ్ తాగింది. ఆ ఒకామె వినోద. అట్లా కోతిరాంపూర్ గది పరశురాములు కుటుంబం కిందికే చేరింది.

సదానందం అంతా విన్నాడు. నేను అప్పుడే చెప్పిన అని అనలేదు. అన్నా బాగుండేది. లేచి అద్దాల తలుపు మూసి వచ్చాడు.

నవీన కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. "చిరునామా లైను తీసేస్తున్న సార్."

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని బల్ల అంచుకు అదిమాడు. గాజు ఒకటి పగిలి చర్మంలో గుచ్చుకుంది. హరీష్ లేచి నిలబడ్డాడు, కానీ ముందుకు రాలేదు.

"ఒక్క అక్షరం కదలద్దు," అన్నాడు సదానందం. "ఇప్పుడు తీసేస్తే మనమే చేసినమని మనమే రాసిచ్చినట్టు. శుక్రవారం యాప్‌కు పైసలిచ్చే ట్రస్టోళ్లు వస్తున్నరు. గా పని పోతే గీడ పదకొండు ఇండ్లు ఆగమైతయి."

"అనసూర్యక్క?"

"ఆమెది కాంట్రాక్టు నౌకరి. ఇంకోటి దొరుకుతది."

దొరకదని అతనికీ తెలుసు. అప్పటికి తను ఏం చేస్తున్నాడో చూసుకుని చెయ్యి వదిలేశాడు. నవీన మణికట్టు మీద నెత్తురు సన్నగా పాకి కీబోర్డులోకి దిగింది. దాన్ని ఆమె చున్నీతో తుడిచింది. ఆ లైను అట్లాగే ఉండిపోయింది, అందరూ తమ తెరల వైపు తిరిగారు. పదకొండు ఇండ్లు అన్న మాట అందరికీ వినబడింది.

*

గురువారం నవీన ఆఫీసుకు పోకుండా దవాఖానకు పోయింది. ల్యాప్‌టాప్ సంచి భుజాన ఉంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంది. ఆడవాళ్ల వార్డు తలుపు దగ్గరికి రాగానే అనుకున్నదంతా పోయింది.

వినోద కిటికీ పక్క మంచం మీద ఉంది. భుజం నుంచి మోచేతి దాకా కట్టు. కుడి అరచేయి మూటలా ఉంది, అందులోంచి వేళ్లు రెండే బయటికి కనిపిస్తున్నాయి. చంద్రవ్వ స్టీలు టిఫిన్ మూత తీసి, గట్క చేత్తో మెదిపి కూతురి నోట్లో పెడుతోంది. వినోద నోరు తెరవటానికి కూడా మొహం ముడుచుకుంటోంది.

నవీన లోపలికి పోలేకపోయింది. వరండా బల్ల మీద కూర్చుని, ఏదో పని ఉన్నదానిలా ల్యాప్‌టాప్ తెరిచింది. చూడటానికి సదానందం అనుమతి అక్కర్లేదు. అలవాటుగా ఫైలులోకి పోయి పాప నంబరు కొట్టింది.

ఈ పొద్దున పదీ యాభై రెండుకి పరశురాములు ఫోన్ మళ్లీ అడిగింది.

జవాబు మళ్లీ పోయింది. కానీ ఈసారి చిరునామా కోతిరాంపూర్ కాదు. మల్యాల దగ్గరి ఊరు, చంద్రవ్వ ఇల్లు, పెద్దబిడ్డ రమ ఫోన్ నంబరు. నిన్న సాయంత్రం ఈ చిరునామా మార్చింది అనసూర్య. జుట్టు పట్టి ఈడ్చినా, డ్యూటీకి రావద్దన్నా, పాప అమ్మమ్మ ఊరికి పోయిందని తెలిసి, శనివారం సూది తప్పొద్దని ఇంట్లో కూర్చుని ఎక్కించింది. అంత మంచిపని ఆమె చేస్తే, దాన్ని తీసుకుపోయి కొక్కెం పట్టినవాడి చేతిలో పెట్టింది నవీన తలుపు.

ఇప్పుడు టైం పదకొండూ ముప్పై అయిదు. నవీన లేచింది. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉండిపోయింది.

"అవ్వా, మీ పెద్దబిడ్డకు ఫోన్ చెయ్యి. పాపను తీస్కొని ఇంట్లకెళ్లి బయటికి పొమ్మను. వాడు అటే పోతున్నడు."

చంద్రవ్వ చేయి గట్కలోనే ఆగింది. "నువ్వెవలవు? నీకెట్ల ఎరుక?"

"పాప ఏడున్నదో వానికి మేమే చెప్పినం. మొన్న చెప్పింది కూడా మేమే. అనసూర్యక్క చెప్పలే. నేను తయారుచేసిన యాప్ చెప్పింది. తప్పు నాది. ముందు ఫోన్ చెయ్యి అవ్వా."

చంద్రవ్వ ఒక చేత్తో నడుముకు చెక్కుకున్న ఫోన్ తీస్తూనే, రెండో చేత్తో టిఫిన్ డబ్బా ఎత్తి నవీన మొహం మీద కొట్టింది. అంచు కనుబొమ్మ మీద తగిలింది. గట్క కళ్లలో పడింది. నవీన కదలలేదు. ఇంకోటి కొడుతుందేమోనని నిలబడింది. కానీ చంద్రవ్వ బొటనవేలు అప్పటికే ఫోన్ మీద ఉంది. స్పీకరు పెట్టింది, చెవి సరిగా వినబడదేమో.

"రమా, పిల్లేది?"

"నా ఒళ్లెనే ఉన్నది అవ్వా. బీడీలు చేస్తున్నం అందరం. ఏంది గట్లడుగుతున్నవ్?"

"లేసి లోపలికి వో. పరశురాములు..."

చంద్రవ్వ మాట పూర్తి కాలేదు. ఫోన్‌లో ఒక ఆడగొంతు ఎవడ్రా నువ్వు అంది. చాట బోర్లపడ్డ చప్పుడు, కత్తెరలు నేల మీద రాలిన చప్పుడు. పాప గుక్కపట్టి ఏడ్చింది. రమ అవ్వా అని ఒక్క కేక పెట్టింది. ఆ తర్వాత చాలామంది ఆడవాళ్ల గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పట్టుండ్రి, కాలు వట్టుండ్రి, రోకలి తెండ్రి అంటున్నారు. బరువైనదేదో మెత్తటిదాని మీద పడుతున్న చప్పుడు వచ్చింది. మళ్లీ పడింది. ఒక మగవాడు మొదట తిట్టాడు, తర్వాత అరిచాడు, తర్వాత బతిమాలాడు. దెబ్బలు ఆగలేదు.

వార్డులో అన్ని మంచాల వాళ్లూ ఆ ఫోన్ వైపే చూస్తున్నారు. వినోద పైకప్పును చూస్తూ పడుకుంది. ప్రతి దెబ్బకూ ఆమె ఎడమచేతి వేళ్లు దుప్పటిని గట్టిగా పట్టుకుంటున్నాయి. నవీనకు ఆ చప్పుడు ఆగకూడదనిపించింది. అట్లా అనిపించిందని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

చాలాసేపటికి రమ మాట వినబడింది. ఊపిరి అందడం లేదు. "పిల్ల మంచిగనే ఉన్నది అవ్వా. నా చేతికి కొక్కెం గీరింది, అంతే. వాడు లేవలేడు. కాలు విరిగింది."

చంద్రవ్వ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూలబడింది. నవీన వరండాలోకి పోయి, కంటిమీదికి కారుతున్న నెత్తురు తుడుచుకుని, ల్యాప్‌టాప్‌లో తలుపు మొత్తం మూసేసింది. పది నిమిషాలకు సదానందం ఫోన్. ఉట్నూర్‌లో అరవై మంది నర్సమ్మల తెరలు తెల్లగా అయిపోయాయట.

"ఎవలను అడిగి మూసినవ్?"

"ఎవల్నీ అడగలే సార్. ఫైలు తీసి పోలీస్ స్టేషన్ల ఇస్తున్న. అండ్ల నా పేరే ఉన్నది, మీది లేదు. ఫికర్ చెయ్యకుండ్రి."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత సదానందం, "నేను గూడ వస్త. ఏ స్టేషనో చెప్పు," అన్నాడు.

*

శుక్రవారం ట్రస్టు వాళ్లు వచ్చారు, అరిచారు, పోయారు. పని ఉంటుందో పోతుందో వారం తర్వాత చెప్తామన్నారు. అనసూర్యను డ్యూటీలోకి తీసుకున్నారు. కనుబొమ్మకు మూడు కుట్లతో నవీన రోజంతా కూర్చుని రాసింది. నర్సమ్మలకు పాత తలుపే ఉంచింది, కానీ లోపల గది గదికీ తాళం వేసింది. ఉట్నూర్ తెరలు మళ్లీ వెలిగాయి. తండ్రులకు మాత్రం సదానందం చెప్పిన కిటికీ కట్టింది. ఆ కిటికీలో ఏం అడిగినా రెండే వస్తాయి. బిడ్డ పేరు, తర్వాతి టీకా తారీఖు. ఇంటి యజమాని గడి పక్కన ఎర్ర చుక్క తీసేసింది. సదానందం వెనక నిలబడి చూసి, "గిట్లనే ఉండాలె," అన్నాడు. చాలా నెలల తర్వాత ఇద్దరూ ఒక మాట మీదున్నారు. హరీష్ ఆ రోజంతా తలెత్తలేదు.

శనివారం పొద్దున నవీన వార్డుకు పోయేసరికి అనసూర్య అక్కడే ఉంది. మల్యాల నుంచి తెచ్చిన పాపకు దవాఖానలోనే సూది వెయ్యటానికి వచ్చింది. చంద్రవ్వ ఆమె మొహంలోకి చూడలేక నేల చూస్తోంది. అనసూర్య డబ్బా తెరిచి సిరంజి తీశాక చంద్రవ్వ పాపను ఎత్తి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది. అనసూర్య పాప తొడ తుడిచింది. చంద్రవ్వ కొంగు ముడి విప్పి, అందులోంచి ఒక చిన్న మలాం డబ్బా తీసి ఆమె పక్కన పెట్టింది. పెదవికి.

నవీన ల్యాప్‌టాప్ మంచం అంచున పెట్టి వినోదకు చూపించింది. ఏమేం మూసేసిందో ఒక్కొక్కటీ చెప్పింది. వినోద అంతా విన్నది.

"గిప్పుడు వాని ఫోన్ల ఏం కనవడ్తది?"

"పాప పేరు. సూది తారీఖు. ఇంకేం కనవడది."

"తారీఖు ఎందుకు?"

నవీనకు అర్థం కాలేదు. "తారీఖుతోని ఏం తెలుస్తది వినోదా? ఊరు లేదు, ఇల్లు లేదు."

వినోద ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "బుధవారమైతే సబ్ సెంటర్ల ఏస్తరు. శనివారమైతే ఊర్ల అంగన్‌వాడీల ఏస్తరు. ఎవలనడిగినా చెప్తరు. మా అవ్వ ఊరు వానికి ఎరుకనే. ఆ పొద్దు అంగన్‌వాడి గేటు కాడ కూసుంటే సాలు. నేనే ఎత్తుకొని నడుసుకుంట వస్త గదా వాని ముందటికి."

అనసూర్య చేతిలో దూది అట్లాగే ఉంది. అవునన్నట్టు తల ఊపింది.

నవీన తెర వైపు చూసింది. నిన్న రోజంతా కూర్చుని కట్టిన కిటికీ అది. సదానందం మెచ్చుకున్నది. ఒకటే తలుపా, పది కిటికీలా అని ఏడాది పాటు కొట్లాడుకున్నారు. లోపల కూర్చుని జవాబు చెప్పేవాళ్లే మాట్లాడారు. ఆ జవాబు ఎవరి మీద పడుతుందో ఆ మనిషిని పిలిచి ఒక్కసారి అడగాలని ఏ ఒక్కరికీ తోచలేదు.

"వాని ఫోన్ పోలీసోళ్ల దగ్గరున్నది," అంది చంద్రవ్వ, కూతురికి ధైర్యం చెప్పబోయి.

"ఇయ్యాల ఉన్నది అవ్వా. వాడు గిదే దవాఖానల కింది వార్డుల ఉన్నడు. కాలు అతుక్కుంటది. బెయిలిస్తరు. ఫోనిస్తరు."

నవీన ఆ లైను వెతికి తెర మధ్యకు తెచ్చింది. "ఇది తీసేస్తే వానికి తారీఖు రాదు. పేరు లైను గూడ తీసేస్తే ఏది అడిగినా ఖాళీ వస్తది."

"ఏది వత్తాలె?"

నవీన చూపించింది. వినోద ఎడమచేయి దుప్పటిలోంచి బయటికి తీసింది. భుజం కదిలితే నొప్పికి పళ్లు బిగపట్టింది. నవీన సాయం చెయ్యబోతే వద్దని తల అడ్డంగా తిప్పింది. వేలు మీట దాకా పోయింది, ఒత్తింది. లైను పోయింది. పాప పేరున్న లైను కూడా చూపించమంది. దాన్ని కూడా ఒత్తింది.

"గిప్పుడు వాడు అడిగినట్టు అడుగు."

నవీన పరశురాములు నంబరు పెట్టి, అతను అడిగిన ప్రశ్ననే అక్షరం మార్చకుండా రాసి పంపింది. నా కుటుంబం. అందులో పిల్లలు. తర్వాతి టీకా, తారీఖు, చిరునామా.

తెర మీద ఏమీ రాలేదు.

సూది నొప్పికి ఏడుస్తున్న పాపను చంద్రవ్వ భుజానేసుకుని వీపు తడుతోంది. వినోద కళ్లు తెర మీదే ఉన్నాయి.

"ఇంకోపారి అడుగు," అంది.

నవీన మళ్లీ అడిగింది. ఏమీ రాలేదు.

"ఇంకోపారి."